బ్యాంకుల ఆస్తుల అభివృద్ధి: బందరు నుండి మైలవరము వరకు

ఆస్తి యనగా నేమి: బ్యాంకు ఆస్తి అను మాట చెవిని బడినంతనే సామాన్యుని మనస్సున మెదలునది ఇనుప తలుపుల గదియు, దానిలోని నోట్ల కట్టలును, వీధి మొగమున నిలిచిన మేడయు, కాని యీ మూడును కలసినను బ్యాంకు ఆస్తిలో స్వల్ప భాగమే యగును. మామిడితోట కొఱకు రైతు తీసికొన్న అప్పు రైతునకు భారము, బ్యాంకునకు ఆస్తి. ఆ రైతు భార్య పొదుపు ఖాతాలో వేసికొన్న పదివేల రూపాయలు ఆమెకు ఆస్తి, బ్యాంకునకు అప్పు. ఈ తలక్రిందుల లెక్కను గ్రహింపనివారికి బ్యాంకుల ఆస్తి అప్పుల పట్టీ ఎన్నటికిని బోధపడదు. పూర్వపు పద్ధతి ననుసరించి వ్రాసిన పట్టీలో ఎడమ ప్రక్క మూలధనము, నిలువ నిధులు, ప్రజల డిపాజిట్టులు, ఇతరుల యొద్ద తెచ్చిన బదుళ్ళు ఉండును. కుడి ప్రక్క చేతిలోని నగదు, రిజర్వు బ్యాంకునందలి నిలువ, ప్రభుత్వ పత్రములు, ఇచ్చిన అప్పులు, చిట్టచివర భవనములును బల్లలును ఉండును. రెండు ప్రక్కల మొత్తములును సమానముగా నుండవలెను. డిపాజిట్టులు పెరిగినగాని ఆస్తి పెరుగదు. అప్పు తీసికొనువాడు దొరకినగాని పెరిగిన డిపాజిట్టు ఫలింపదు.

కావున ఒక సీమలో బ్యాంకుల ఆస్తి పెరిగినదని చెప్పినచో, అంతకు ముందు షావుకారు ట్రంకు పెట్టెలో ప్రోనోటుగా నుండిన అప్పు బ్యాంకు లెడ్జరులో పద్దుగా మారినదని కొంత అర్థము. అంతకు ముందు ఎవ్వరును నమ్మి అప్పీయని వానికి క్రొత్తగా అప్పు పుట్టినదని మఱికొంత అర్థము. రూపాయ విలువ తగ్గి అంకెలు మాత్రము లావెక్కినవని యింకను కొంత అర్థము. ఈ మూడింటిని విడదీయక పెంపును గూర్చి చెప్పు మాటలన్నియు సగము మాటలే.

మైలవరము సీమ: కృష్ణా డెల్టాకు ఎగువను, కొండపల్లి కొండలకు ఆవలి ప్రక్కను, మైలవరము, రెడ్డిగూడెము, విస్సన్నపేట, ఆగిరిపల్లి, నూజివీడు గ్రామముల చుట్టు వ్యాపించిన ఎఱ్ఱనేలల మెట్ట సీమ నూజివీడు మామిడి పేరిట దేశమంతట ప్రసిద్ధి కెక్కినది. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, కలెక్టరను మాఱుపేరు గల తోతాపురి ఇచ్చటి ముఖ్య జాతులు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినపుడు మైలవరము ఎన్.టి.ఆర్. జిల్లాలోనికిని, నూజివీడు, ఆగిరిపల్లి ఏలూరు జిల్లాలోనికిని చేరుటచేత, ఒకే మామిడి సీమ రెండు జిల్లాల బ్యాంకు లెక్కలలోనికి చీలిపోయినది. అందుచేత ఈ వ్యాసమున పాత కృష్ణా జిల్లానే ప్రమాణముగా గొనుట యుక్తముగా తోచినది.

1855 నాటికి బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియై డెల్టాలో వరిపంట స్థిరపడినది. వరి రైతు చేతికి ఏటేట నగదు వచ్చును; ఆ నగదులో మిగులు పుట్టును; మిగులు పుట్టినచోట దాచుకొను సంస్థ యొకటి వెలయును. ఆంధ్రుల తొలి బ్యాంకులు మెట్టలో గాక కాలువల దిగువనున్న బందరులో పుట్టుటకు మూలకారణ మిదియే. మామిడి రైతు స్థితి వేఱు. అంటు నాటిన పిమ్మట నాలుగైదేండ్లు ఎదురు చూడవలెను. కాపు వచ్చిన తరువాతను ఒక యేడు విరగ కాచి మఱుసటి యేడు మొగము చాటు చేయుట ఆ చెట్టు స్వభావము. పుష్యమాసపు మంచులో పూత నల్లబడినను, తేనెమంచు పురుగు సోకినను ఏడాది రాబడి పది దినములలో మాయమగును. నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చిన పిమ్మటను ఈ మెట్ట భూములు దాని చివరి ఆయకట్టులోనివి గనుక నీటి భరోసా వీనికి అంతంతమాత్రమే. ఇట్టి పంటకు డెల్టా వడ్డీ వ్యాపారి గాని, బందరు బ్యాంకు గాని తొందరపడి అప్పీయక పోవుటలో వింత లేదు.

తొలి సంస్థలు: చెన్నపట్టణమున 1843లో వెలసిన మద్రాసు బ్యాంకు కాకినాడ వంటి రేవు పట్టణములకు వ్యాపించినను, దాని చూపు ఓడల మీదను ఎగుమతి సరకుల మీదనే గాని రైతు మీద ప్రసరింపలేదు. రైతునకు అప్పు పుట్టించు మార్గ మేదియని విచారించుటకు మద్రాసు ప్రభుత్వము నియమించిన ఫ్రెడరిక్ నికల్సన్ 1895లోను 1897లోను రెండు సంపుటములుగా సమర్పించిన నివేదికలో, జర్మనీ దేశమున గ్రామీణ పరపతి సంఘములను నెలకొల్పిన రైఫైజన్ వంటి పురుషుని వెదకి పట్టుకొనుటయే తరుణోపాయమని తేల్చెను. ఆ సూచన ఫలించి 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. నేటికిని తూర్పు ఐరోపా దేశములలోని పెద్ద బ్యాంకులు కొన్ని ఆ రైఫైజన్ పేరే ధరించి యుండగా, ఆయన భావమునుండి పుట్టిన చిన్న సంఘము మన గ్రామములలో సొసైటీ యను పొట్టిపేరుతో ఎరువుల బస్తాల నడుమ నిలిచియుండుట గమనింపదగినది.

1906 అక్టోబరులో చెన్నపట్టణమునందలి ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి వేలాది కుటుంబముల పొదుపును ముంచివేసినది. తెల్లవాని సంస్థ గనుక చెడదను నమ్మకము ఆ యొక్క దినముతో చెదిరిపోయి, మన ధనమును మనమే కాపాడుకొనవలె నను బుద్ధి పుట్టి, మరుసటి సంవత్సరమే ఇండియన్ బ్యాంకు ఆవిర్భవించినది. అది వందేమాతర కాలము. ఆ వేడిమియే బందరులో జాతీయ కళాశాలను పుట్టించినది. ఆ వేడిమిలోనే వైద్యవృత్తి విడిచి దేశసేవలో దిగిన భోగరాజు పట్టాభిసీతారామయ్య ధనసంస్థల నిర్మాణమునకు పూనుకొనెను. కాంగ్రెసు చరిత్రకారుడుగాను, 1948లో జయపుర కాంగ్రెసు అధ్యక్షుడుగాను ఆయనను లోకమెరుగును. కాని ఆంధ్ర రైతు జీవితమున ఆయన వేసిన ముద్రలలో మిక్కిలి లోతైనది బ్యాంకుల ముద్ర యని ఈ వ్యాసకర్త అభిప్రాయము. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు వరుసగా బందరునుండి వెలువడినవి.

ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న నమోదై అదే నెల 28న వ్యాపార మారంభించినది. అధీకృత మూలధనము పది లక్షలు. చెల్లిన మూలధనము ఒక లక్ష మాత్రమే. ఆ లక్ష రూపాయలు ఏ జమీందారు కోశమునుండియు నొక్కసారిగా వచ్చిపడినవి కావు. వకీళ్ళు, వైద్యులు, వరి రైతులు, వర్తకులు కొనిన వాటాలవలన కూడినవి. ఆ తరమువారు బ్యాంకు వాటాను ధనార్జన సాధనముగా మాత్రమే గాక, తెలుగువారికొక రాష్ట్రము కావలెనను కోరికకు తోడుబుట్టువుగా భావించిరి. ఆంధ్ర రాష్ట్రము 1953లో వచ్చినది; ఆంధ్ర నామముతో బ్యాంకు ముప్పదియేండ్లు ముందుగనే వచ్చినది.

మాంద్యమును, ఋణవిమోచన చట్టమును: 1929 తరువాత ప్రపంచ మాంద్యము తాకి ధాన్యపు ధర కూలిపోగా, మంచి రోజులలో వ్రాసిన ప్రోనోటు రూపాయలలో మారకయే రైతు చెమటలో రెట్టింపైనది. పంట ధర సగమైనచో పాత అప్పు దానంతట అదియే ఇబ్బడి యగుట ఇందలి సూత్రము. రాజగోపాలాచారి మంత్రివర్గము 1938లో వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసి పాత వడ్డీలను కత్తిరించినది. రైతు ఊపిరి పీల్చుకొన్నాడు. షావుకారు చేయి ముడుచుకొన్నాడు. అదే సంవత్సరము తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కూలిపోవుటచే దక్షిణ దేశమందలి చిన్న బ్యాంకులన్నిటియందును ప్రజలకు గుబులు పుట్టినది. 1935 ఏప్రిల్ 1న పనికి దిగిన రిజర్వు బ్యాంకునకు ఇట్టి బ్యాంకులను అదుపుచేయు పూర్తి అధికారము 1949 నాటి బ్యాంకింగు కంపెనీల చట్టముతోగాని లభింపలేదు.

మెట్ట సీమకు సంబంధించినంతవరకు ఈ చట్టములన్నిటికంటెను గొప్ప మార్పు తెచ్చినది 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము. మైలవరము, నూజివీడు ప్రాంతములు జమీందారీ భూములు. జమీందారునకు శిస్తు కట్టు రైతు తన చేని హక్కును పరాయి పట్టణపు బ్యాంకునకు నచ్చునట్లు ఋజువు చేయుట కష్టము. ఎస్టేటులు పోయి రైతువారీ పట్టా చేతికి వచ్చిన పిదపనే ఆ చేను తాకట్టునకు యోగ్యమైన వస్తువైనది. బ్యాంకుల ఆస్తి బ్యాంకు తెలివివలననే పెరుగునని తలచువారు ఈ సంగతిని మఱువరాదు: భూమికి స్పష్టమైన కాగితము పుట్టిన తరువాతనే భూమిమీది అప్పు స్పష్టమైన ఆస్తి యగును.

గ్రామీణ ఋణ సర్వే: స్వాతంత్ర్యానంతరము మొదటి సారిగా రైతు అప్పు ఎవరియొద్దనుండి వచ్చుచున్నదో దేశవ్యాప్తముగ లెక్కించినది 1951–52 నాటి అఖిల భారత గ్రామీణ ఋణ సర్వే. దాని ఫలితములు నేడు చదివినను గుండె చివుక్కుమనును. రైతు తీసికొన్న ప్రతి నూరు రూపాయలలో సుమారు డెబ్బది వడ్డీ వ్యాపారులవి. సహకార సంఘములవి మూడు చిల్లర. వాణిజ్య బ్యాంకులవి ఒక రూపాయకు లోపు. అప్పటికి బందరు బ్యాంకునకు దాదాపు ముప్పదియేండ్ల వయస్సు వచ్చినది. చెన్నపట్టణమున మద్రాసు బ్యాంకు వెలసి వందేండ్లు దాటినవి. ఆ వందేండ్ల వ్యాపారమంతయు పట్టణములలోను వాణిజ్యమునందును జరిగి, పొలము గట్టు దాటలేదన్నమాట.

దీనికి విరుగుడుగా 1955 జూలై 1న, మద్రాసు బ్యాంకును అంతకు ముందే తనలో కలుపుకొన్న ఇంపీరియల్ బ్యాంకు, స్టేటు బ్యాంకుగా మారినది. తెలంగాణమున 1941లో నిజాము నెలకొల్పిన హైదరాబాదు స్టేటు బ్యాంకు 1956లో రిజర్వు బ్యాంకు చేతిలోనికి, 1959లో స్టేటు బ్యాంకు గొడుగు క్రిందికి వచ్చినది. ఇంకొక వంక చిన్న బ్యాంకులు పెద్దవానిలో కలసిపోవుచుండెను. 1951లో 566గా నున్న దేశపు బ్యాంకుల సంఖ్య 1969 నాటికి 89కి దిగినది. ఆ ప్రవాహములోనే 1964లో భారతలక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో లీనమైనది. ఒక పట్టణమున, ఒక్క పురుషుని ప్రేరణతో పుట్టిన ఇద్దరు అక్కచెల్లెండ్రు మరల ఒకే యింటికి చేరినట్లైనది. కేరళమునందలి పాలై సెంట్రల్ బ్యాంకు పతనముచే భీతిల్లిన ప్రజలకు ధైర్యము చెప్పుటకై 1962 జనవరి 1 నుండి డిపాజిట్టులకు బీమా కలిగినది. నాటి పరిమితి మనిషికి 1,500 రూపాయలు. 2020 నుండి అయిదు లక్షలు.

జాతీయీకరణమును, శాఖల వ్యాప్తియు: 1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయము చేయబడినవి. ఏబది కోట్ల డిపాజిట్టులు గల బ్యాంకులకే ఆ కొలబద్ద వర్తించుటచే ఆంధ్రా బ్యాంకు అప్పటికి ప్రైవేటు రంగముననే నిలిచినది. 1980 ఏప్రిల్ 15న రెండవ విడతగా ఆఱు బ్యాంకులను తీసికొనునపుడు కొలబద్ద రెండువందల కోట్లు. ఈ సారి ఆంధ్రా బ్యాంకు ఆ పంక్తిలో నున్నది. లక్ష రూపాయల మూలధనముతో బయలుదేరిన సంస్థ యేబదియేడేండ్లలో రెండువందల కోట్లు మించిన డిపాజిట్టుల కధికారిణి యైనదనుట చెవికి అద్భుతముగ వినబడును. కాని చదువరి యిచ్చట జాగరూకుడు కావలెను. మూలధనము వాటాదారులది, డిపాజిట్టు జనులది. రెండింటిని ఒక త్రాసులో తూచరాదు. 1923 నాటి రూపాయయు 1980 నాటి రూపాయయు ఒక రూపాయ కాదు. యుద్ధకాలపు ధరల విజృంభణము నడుమ నడచినది. ఈ మినహాయింపు లన్నియు చేసినను మిగులునది అల్పము కాదు.

దేశమంతటి లెక్కయు ఇట్టిదే. 1969 జూనులో బ్యాంకుల శాఖలు 8,262. ఒక్కొక్క శాఖకు అఱువదినాలుగు వేల జనము. మొత్తము డిపాజిట్టులు 4,646 కోట్లు. బ్యాంకు లేని నాలుగు చోట్ల శాఖలు తెఱచినగాని, ఉన్నచోట మఱియొకటి తెఱవరాదను నియమము 1977 నుండి 1990 వఱకు అమలులో నుండెను. ఆ నియమపు పుణ్యముననే శాఖకు పదునాలుగు వేల జనమను స్థితి వచ్చి, తాలూకా కేంద్రములకు మాత్రమే పరిమితమైన బ్యాంకు బోర్డు మెట్ట పల్లెల బస్సు స్టాండుల యొద్దకు చేరినది. గ్రామీణ శాఖలు నష్టములు తెచ్చినవని పిమ్మటి ఆర్థికవేత్తలు కొందఱు ఆక్షేపించిరి. ఆ నష్టమును లెక్కించినవారు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీనుండి తప్పించుకొన్న రైతు లాభమును గూడ లెక్కించి యుండినచో వారి తీర్పు వేఱుగా నుండెడిదని మా విశ్వాసము. లక్ష రూపాయల పంట అప్పునకు ఆ నూటికి రెండు చొప్పున ఏడాదికి ఇరువదినాలుగు వేలు. ఇటీవలి బ్యాంకు వడ్డీ ఏడు శాతము చొప్పున ఏడు వేలు. గడువులో చెల్లించినవానికి లభించు మూడు శాతపు రాయితీతో నాలుగు వేలు. ఆ యిరువదివేల భేదము మెట్ట రైతు యింట ఒక బిడ్డ చదువు.

1975 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామీణ బ్యాంకుల పథకము క్రింద కృష్ణా జిల్లాలో ఇండియన్ బ్యాంకు పోషణమున గుడివాడ కేంద్రముగా కనకదుర్గ గ్రామీణ బ్యాంకు వెలసినది; అది 2006లో చిత్తూరు బ్యాంకుతో కలసి సప్తగిరి గ్రామీణ బ్యాంకుగా మారినది; 2025 మే 1న రాష్ట్రమునందలి నాలుగు గ్రామీణ బ్యాంకులును ఏకమై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయినది. సహకార రంగమున 1987లో ఏకగవాక్ష పద్ధతి వచ్చి, స్వల్పకాలపు అప్పును దీర్ఘకాలపు అప్పును ఒకే సొసైటీలో దొరకునట్లు చేసినది. శాఖల వ్యాప్తియు, సహకార సంఘములును, అప్పటికి వెలసిన గ్రామీణ బ్యాంకులును కలసి 1981 నాటికే దేశమున రైతు అప్పులో సంస్థల వాటాను అఱువది శాతము దాటించినవి. ముప్పదియేండ్లలో, ప్రభుత్వపు అప్పులతో కలిపి సుమారు ఏడు శాతముగా నుండినది అఱువది దాటుట భారత ఆర్థిక చరిత్రలోని ఉజ్జ్వల ఘట్టములలో నొకటి.

స్త్రీల సంఘములు: కాగితము, పట్టా, పూచీదారు లేని స్త్రీలు పదిమంది గుమిగూడి, వారమువారము తలకొక కొంచెము పొదుపు చేసి, ఒకరికొకరు పూచీగా నిలిచి బ్యాంకు అప్పు పొందు పద్ధతి 1992లో నాబార్డు ప్రయోగముగా మొదలై ఆంధ్రదేశమున డ్వాక్రా యను పేర వేళ్ళు తన్నుకొన్నది. దీని విజయమును చూచి లాభార్జన సంస్థలును అదే పద్ధతిని అనుకరించి, వసూలునకు వారమువారము ఇంటి గుమ్మములోనికి వచ్చుట మొదలుపెట్టినవి. ఒకే స్త్రీ మూడు నాలుగు సంస్థలయొద్ద అప్పుపడి, ఒక అప్పు తీర్చుటకు మఱియొకటి తీసికొను దురవస్థ ఏర్పడగా, 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు అట్టి సంస్థల శాఖలు ఏబదికి పైగా మూయించిరి. నాలుగేండ్ల తరువాత, 2010 అక్టోబరులో, రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి వారి వ్యాపారమును కట్టడి చేసినది. ప్రపంచమంతట చర్చింపబడిన ఆ సంక్షోభపు తొలి హెచ్చరిక మన జిల్లానుండియే వెలువడినది. అప్పు పుట్టుట మేలు. అప్పునకు అప్పు పుట్టుట కీడు. ఆస్తి పట్టీలో రెండును ఒకే అంకెగా కనబడును.

నాణ్యతా ప్రశ్న: ఇచ్చిన అప్పు తిరిగి వచ్చునంతవఱకే అది ఆస్తి. రాని అప్పును సైతము ఆస్తిగా చూపించుకొను అలవాటును మాన్పుటకు పూనుకొన్నవాడు మైదవోలు నరసింహం. 1977లో రిజర్వు బ్యాంకు గవర్నరుగా పనిచేసిన ఈ తెలుగువాని అధ్యక్షతన 1991లోను 1998లోను వెలువడిన నివేదికలు భారతీయ బ్యాంకింగు రూపురేఖలనే మార్చినవి. వాని ఫలితముగనే మొండి బాకీలను వేరుపఱచి, వానికై లాభములోనుండి నిధి కేటాయించు కట్టుబాటు వచ్చినది. 2004 నుండి తొంబది దినములు దాటి వడ్డీ గాని కిస్తీ గాని రానిచో అప్పు మొండిదగును. పైరునకు మాత్రము పంటకాలమును బట్టి గడువు: స్వల్పకాలపు పైరైనచో రెండు పంటలు, దీర్ఘకాలపు పైరైనచో ఒక పంట. ఏడు విడిచి ఏడు కాచు మామిడికి ఈ ఒక్క పంట గడువు చాలునా యను ప్రశ్నను మైలవరము రైతు అడిగినచో సమాధానము చెప్పుట కష్టము.

ఆ సంస్కరణల గాలిలోనే 1994లో హైదరాబాదున గ్లోబల్ ట్రస్టు బ్యాంకు మెఱుపువలె లేచి, స్టాకు మార్కెట్టు సంబంధపు అప్పులలో చిక్కి, 2004 జూలై 24న మారటోరియమునకు గుఱియై, ఓరియెంటల్ బ్యాంకులో కలసిపోయినది. దాని ఆయువు దశాబ్దము. తీరాంధ్రమున మాత్రము బెజవాడ కేంద్రముగా 1999లో నెలకొన్న కోస్టల్ లోకల్ ఏరియా బ్యాంకు చిన్నదిగానే, నెమ్మదిగానే నడచినది. 2003 నుండి 2013 వఱకు పదియేండ్లు వరుసగా రిజర్వు బ్యాంకు గవర్నరు పదవిని కడప జిల్లావాడైన యాగా వేణుగోపాలరెడ్డియు, గోదావరి సీమవాడైన దువ్వూరి సుబ్బారావును అలంకరించిరి. గృహ, స్థిరాస్తి అప్పులు ఉప్పొంగుచున్న కాలమున వేణుగోపాలరెడ్డి బ్యాంకులను వెనుకకు లాగి పట్టియుండుటచే 2008 ప్రపంచ సంక్షోభపు దెబ్బ మన బ్యాంకులకు తేలికగా తగిలినదని పలువుర అభిప్రాయము.

ఐరోపాతో పోలిక: 1989 తరువాత సామ్యవాద పాలన వదలిన హంగరీ, రుమేనియా, బల్గేరియా వంటి వర్ధమాన దేశములలోను బ్యాంకుల ఆస్తులు మహావేగమున పెరిగినవి; కాని ఆ పెంపునకు ఊట వేఱు. ఆస్ట్రియా, ఇటలీ మొదలగు పశ్చిమ దేశముల బ్యాంకులు అచ్చటి బ్యాంకులను కొనివేసి తమ ధనమును తెచ్చి కుమ్మరించినవి. హంగరీలో ఇల్లు కట్టుకొనువాడు వడ్డీ తక్కువయని స్విస్ ఫ్రాంకులలో అప్పు తీసికొనెను. 2008లో హంగరీ నాణెమైన ఫోరింటు విలువ పడిపోగా అతని నెలసరి కిస్తీ ఉబ్బిపోయినది. పశ్చిమ బ్యాంకులు ధనమును తిరిగి లాగుకొని పోకుండ 2009లో వియన్నాలో ఒడంబడిక చేసికొనవలసి వచ్చినది. 2014లో చట్టము చేసి ఆ అప్పులను ఫోరింటులలోనికి మార్చవలసి వచ్చినది. మన సీమలో ఆస్తుల పెంపు దీనికంటె మందగతిది. ఇచ్చటి అప్పునకు మూలము ఇచ్చటి డిపాజిట్టు. రైతు సంపాదించునదియు చెల్లించునదియు ఒకే రూపాయ. ఆ మందగతిలో భద్రత యున్నది. గల్ఫునుండియు అమెరికానుండియు బిడ్డలు పంపు సొమ్ము సైతము డిపాజిట్టుగా వచ్చునేగాని అప్పుగా రాదు.

అప్పుల బరువు: 2003 నాటి జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబములలో 82 శాతము అప్పుపడి యుండెను, 2019 నాటికి అది 93.2 శాతమై, సగటున కుటుంబమునకు 2.45 లక్షల అప్పు తేలినది. రెండును దేశమున ప్రథమస్థానములు. బ్యాంకుల వంక నిలిచి చూచినచో ఇది ఆస్తుల సమృద్ధి. పొలము వంక నిలిచి చూచినచో ఇది కుటుంబము నెత్తిమీది బరువు. అంకె యొక్కటే, చూచు గట్టు వేఱు.

మామిడి సీమలో నేటి తీరు: ఏ జనవరి నెల ఉదయమునైనను మైలవరమునందలి ఒక బ్యాంకు శాఖలోనికి పోయి కూర్చున్నచో అంకెల వెనుకనున్న పని కన్నులకు కట్టును. పూత విచ్చి మందు పిచికారీకి డబ్బు కావలసిన వేళ అది. ప్లాస్టిక్ కవరులో పట్టాదారు పాసుపుస్తకము, వన్-బి నకలు, అడంగలు పెట్టుకొని రైతులు బల్లమీద వరుసగా కూర్చుందురు. గాజు గది ప్రక్కన అప్రైజరు ఒక స్త్రీ ఇచ్చిన నల్లపూసల గొలుసును గీటురాతిపై గీచి, ఆమ్లపు చుక్క వేసి, రంగు చూచి, పూసల బరువును రాళ్ళ బరువును మినహాయించి నికర బంగారము ఇన్ని గ్రాములని చీటీమీద వ్రాయును. ఆమె ఆ అంకెను రెండుసార్లు అడిగి తెలిసికొని, గుడ్డసంచిలో గొలుసు పెట్టి సీలువేయువఱకు కన్ను మరల్పదు. ఆ సీలు పడిన క్షణమున బ్యాంకు ఆస్తి కొన్ని వేల రూపాయలు పెరిగినది. ఆమె మెడ బోసియైనది. కోతలు ముగిసిన పిమ్మట జూనులో గొలుసు విడిపింపబడును; మంచి కాపు లేనియేట వడ్డీ కట్టి కాగితము తిరుగ వ్రాయుదురు, దానినే రెన్యువల్ అందురు. పొలము కాగితముకంటె బంగారము మీద అప్పు త్వరగా పుట్టుటచే, వ్యవసాయపు అప్పుగా లెక్కకెక్కు సొమ్ములో స్త్రీల మెడలలోని బంగారమే గొప్ప పూచీగా నిలుచుచున్నది.

తోట యజమాని కథ యిది. తోటను గుత్తకు తీసికొన్నవాని కథ బ్యాంకు గుమ్మము తొక్కదు. అతడు పూతకు ముందే తోటపై ధర కట్టి యజమానికి బయానా యిచ్చును. ఆ బయానా, బెజవాడ చేరువలోని నున్న గ్రామపు మామిడి మార్కెట్టు వంటి చోటులనున్న కమీషను వ్యాపారి యొద్ద తెచ్చినది. వ్యాపారి వడ్డీ యడుగడు. కాయ తన మండీకే రావలెనని మాత్రము షరతు పెట్టును. వడ్డీ కాయ ధరలోను, కమీషనులోను, తరుగులోను కరగిపోవును గనుక ఎంత శాతమని ఎవ్వరును చెప్పలేరు. కౌలుదార్లకు అప్పు అర్హత కార్డులిచ్చుటకు 2011లోను, సాగు హక్కు పత్రములిచ్చుటకు 2019లోను చట్టములు వచ్చినను, అవి ఏడాదికొకమారు నాటు పైరులను మనస్సునందుంచుకొని చేసినవి. నాటనివాడు, దున్ననివాడు, కాపును మాత్రము కొనినవాడు వానిలో సులభముగ ఇముడడు. 1951 సర్వేనాటి డెబ్బది శాతములో మిగిలిన ముక్క ఈ మామిడి చెట్ల నీడలో నేటికిని సజీవముగా నున్నది.

2017 ఏప్రిల్ 1న హైదరాబాదు స్టేటు బ్యాంకు, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు పెద్ద బ్యాంకులలో కలసిపోయినవి. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో లీనమైన దినమున దాని ఆస్తి మాయము కాలేదు. పద్దులన్నియు వేఱొక పట్టీలోనికి మారినవి. శత సంవత్సరములు నిండుటకు మూడున్నర యేండ్లు తక్కువగా నుండగా ఆ పేరు తొలగుట మాకు మిక్కిలి బాధ కలిగించిన విషయము. మైలవరము పల్లెలలోని ముదుసళ్ళు పాసుపుస్తకము మీది క్రొత్త పేరును చదివి, తమ మనుమలతో మాత్రము ఆంధ్రా బ్యాంకునకు పోయి వత్తమనియే యిప్పటికిని అనుచున్నారు.